దారి చెప్పే డ్యూటీ

నవంబర్ 11, మంగళవారం

ఈరోజు పాండురంగం అన్న ఒక పైపు కోసం బస్సు ఆపాడు.

మడికొండ దాటాక కొత్తగా బస్‌స్టాప్ బోర్డు పాతారు. నీలం పైపు, పైన చిన్న రేకు. టైము సాయంత్రం ఆరు కావొస్తోంది. అన్న బ్రేకు వేసి, ఎక్కేవాళ్ల కోసం చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ లేరన్నా అని నేను వెనక నుంచి అరిస్తే, చెయ్యెత్తిండు గదా మనిషి అన్నాడు. బస్సంతా నవ్వింది. రోజూ ఇంజన్ పక్కన కూర్చునే కూరగాయల సమ్మమ్మ, దానికి గూడ మా ఆడోళ్ల లెక్క ఓ ఫ్రీ జీరో టికెట్ కొట్టు బిడ్డా అంది. అన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

స్టేషన్ ఘన్‌పూర్ చేరేదాకా అన్ననే గమనిస్తూ వచ్చాను. నాలుగేళ్లుగా ఆయన డ్రైవరు, నేను కండక్టరు. ఎన్నడూ ఇలా చేయలేదు.

నవంబర్ 14, శుక్రవారం

అడిగేశాను. నా నోరు ఊరుకునే రకం కాదు. బోర్డును మనిషి అనుకున్నవా, లేక నిజంగనే కనపడతలేదా అని టీ దగ్గర మొహం మీదే అడిగాను.

షుగరు కళ్లలోకి దిగిందట. పగలు ఫర్వాలేదట. పొద్దు వాలితే మసక. ఎదురు లైటు పడితే ఏమీ లేదు. దవాఖానలో ఇంజక్షన్లు వేశారు, పెద్దగా మారలేదు. ఇంట్లో వరలక్ష్మి వదినకు కూడా చెప్పలేదట.

మార్చి ఆఖరున రిటైర్మెంటు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో ఒక్క యాక్సిడెంటు లేదు. డిపోలో అలాంటి వాళ్లు ఇద్దరే. శాలువా కప్పించుకుని గేటు దాటాలట. అన్‌ఫిట్ కాగితం పట్టుకుని కాదట. షారోనూ, ఫికర్ చెయ్యకు చెల్లె, ఈ రోడ్డు నా కాళ్లకు ఎరుకే, నువ్వు జర ముంగట నిలబడి కొత్తవి ఏమన్నుంటే చెప్పు, సాలు అన్నాడు.

నేను కొత్తగా చేరినప్పుడు తాగినోడొకడు నా చెయ్యి పట్టుకుంటే, బస్సు ఆపి వాడి కాలరు పట్టి దింపింది ఈయనే. సరే అన్నాను. అంటూనే భయపడ్డాను.

నవంబర్ 18

ముందు నిలబడుతున్నాను. వెనక ఉన్నవాళ్లు టికెట్ల కోసం తోసుకుని ముందుకే రావాలి. అందరూ నన్ను తిడుతున్నారు. ఆడవాళ్లకు ఫ్రీ అయినప్పటి నుంచి యాభై సీట్ల బస్సులో తొంభై మంది. మెడలో టికెట్ మిషన్, కాళ్ల మీద ఎవరివో సంచులు. వాటి మధ్యలోంచి ముందు అద్దంలోంచి రోడ్డును చూస్తూ, ఎడమ పక్క ఆటో, ముంగట బర్రెలు, లారీ ఆగింది అని మెల్లగా చెబుతున్నాను. అన్న తల ఊపుతాడు.

ఇంటికొచ్చేసరికి గొంతు పోయింది. టికెట్లు అరిచి అరిచి అని జోయెల్‌కు చెప్పాను. పెళ్లయిన పదేళ్లలో మా ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం ఇది కాదు గానీ, మొహం చూడకుండా చెప్పింది ఇదే.

నవంబర్ 27, గురువారం

జోయెల్ పేపరు చదివి వినిపించాడు. మా రూట్లో రోడ్డు వెడల్పు, మధ్యలో డివైడరు, బస్సులు ఆగడానికి పక్కన బేలు, కొత్త షెల్టర్లు. డబ్బు శాంక్షనయింది, పనులు మొదలు. ఇన్నాళ్లకు బస్సోళ్లు యాదికొచ్చిండ్రు సర్కారుకు, మీకు మంచి రోజులే పో అని నా వీపు తట్టాడు.

అన్న నడిపేది కళ్లతో కాదు, గుర్తుతో. ముప్పై ఏళ్ల రోడ్డు ఆయన తలలో ఉంది. ఇప్పుడు ఆ రోడ్డునే మార్చేస్తున్నారు. నేను కూడా యూనియన్ మీటింగుల్లో షెల్టర్లు కావాలని గొంతు చించుకున్నదాన్నే. ఇంకో నాలుగు నెలలు ఆగకూడదా అనిపించింది. సిగ్గేసింది.

డిసెంబర్ 3

నిన్న ఎడమ వైపున్న బారికేడ్లు ఇవాళ కుడి వైపున్నాయి.

డిసెంబర్ 12, శుక్రవారం

రాయలేకపోతున్నాను, అయినా రాయాలి.

సాయంత్రం ట్రిప్పు. పెండ్యాల దగ్గర రోడ్డు సగం తవ్వారు. ఒకాయన వంద నోటిచ్చి చిల్లర కోసం నా ప్రాణం తోడుతున్నాడు. మిషన్ వైపు చూశాను. రెండు క్షణాలు కూడా కాదు. తలెత్తేసరికి ముందు ఒక కాలేజీ పిల్ల, డైవర్షన్ కోసం పోసిన మట్టి మీంచి స్కూటీ దింపుతోంది. అన్న తిన్నగా పోతున్నాడు. ఆగు ఆగు అని గావుకేక పెట్టాను. బస్సు ఆగింది. స్కూటీకీ మా బంపరుకూ మధ్య జానెడు.

సమ్మమ్మ గంపలోని టమాటలు బస్సంతా దొర్లాయి. అందరూ కాంట్రాక్టరును తిట్టారు, లైటన్నా పెట్టరా అని. అన్నను ఒక్కరూ ఏమీ అనలేదు. పైగా ఎంత మంచిగ ఆపినవయ్యా అని ఎవరో మెచ్చుకున్నారు కూడా. అన్న ఇంకా బ్రేకు మీంచి కాలు తీయకపోవడం నేనొక్కదాన్నే చూశాను.

ఆ పిల్లకు ఏమన్నా అయివుంటే చంపింది ఎవరు? ఆయనా? రోజూ సగం బస్సు నేనే నడుపుతున్నాను కదా.

డిసెంబర్ 25

చర్చిలో కళ్లు మూస్తే స్కూటీ. మోకరించి ఏం అడగాలో తెలియలేదు. మార్చి తొందరగా రానీ ప్రభువా అన్నాను. అదొక ప్రార్థనా?

జనవరి 8, గురువారం

మేడారం జాతర డ్యూటీ చార్టు వేశారు. పాండురంగం అన్న పేరు మూడో వరుసలో ఉంది.

జాతర స్పెషల్ బస్సుల్లో కండక్టరు ఉండదు. టికెట్లు బస్సెక్కే పాయింటు దగ్గరే కొట్టి ఎక్కిస్తారు. డ్రైవరు ఒక్కడే. రోడ్డు పొడవునా నడిచే జనం, భుజాల మీద పిల్లలు, బండ్లు, దుమ్ము. ఆయనకు ఇప్పుడు పగలు కూడా సరిగ్గా ఆనడం లేదు. నిన్న మధ్యాహ్నం చిల్లర బిళ్లలు వేలితో తడిమి చూసుకున్నాడు.

కానీ జాతర డ్రైవర్లందరికీ సోమవారం కంటి పరీక్ష ఉందట. ఆ మాట వినగానే ఊపిరి వచ్చింది. డాక్టరే పట్టుకుంటాడు. నేను నోరు తెరవక్కర్లేదు. దేవుడే దారి చూపించాడు. నెల రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది.

జనవరి 12, సోమవారం

పాసయ్యాడు.

ఎట్ల అన్నా అని అడిగితే నవ్వుతూ చెప్పాడు. లైన్లో ముంగట ఇరవై మంది గట్టిగ చదివిండ్రు గదా, చెవులు పెట్టి ఇన్న, నా నంబరొచ్చే వరకు చార్టు పైనుంచి కిందిదాకా నోటికొచ్చింది అన్నాడు. చేయి అడ్డం పెట్టి ఒక కన్ను, ఇంకో కన్ను. డాక్టరు నలభై మందిని చూడాలి, ఆయన తలే ఎత్తలేదట.

నన్నూ నవ్వమన్నట్టు చూశాడు. నేను బాత్‌రూమ్‌లోకి పోయి వాంతి చేసుకున్నాను.

జనవరి 13, మంగళవారం, రాత్రి

నీ అంతట నువ్వే చెప్పన్నా, జాతర డ్యూటీ వద్దను, నడుము నొప్పను, ఏదో ఒకటను అని బతిమాలాను. చేతులు పట్టుకున్నాను. ముప్పై ఏండ్ల సంది ఒక్క జాతర ఇడువలే, మేడారం తల్లి దగ్గరికి జనాన్ని తీస్కపోయెటోన్ని తల్లే చూసుకుంటది అన్నాడు. చక్రాల కింద పడేది ఆ జనమే కదన్నా అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. నిన్ను సొంత చెల్లె లెక్క చూసిన, గింతేనా అన్నాడు. సాయంత్రం ట్రిప్పులో నేను చెప్పినవేవీ విననట్టు కూర్చున్నాడు. అయినా చెబుతూనే ఉన్నాను.

దిగేటప్పుడు సమ్మమ్మ నా చెవిలో, ఆయనకు కనపడతలేదని నాకెప్పుడో ఎరుకే బిడ్డా, నువ్వున్నవనే ఎక్కుతాన అంది.

నేనున్నానని. ఆ ఒక్క మాట నన్ను చంపేస్తోంది. నేనున్నానని ఆయన నడుపుతున్నాడు, నేనున్నానని వీళ్లు ఎక్కుతున్నారు. మేడారంలో నేనుండను.

జనవరి 17, శనివారం

డిపో మేనేజరు సారు దగ్గరికి పోయాను. నవంబర్ నుంచి జరిగిందంతా చెప్పాను. ఇన్ని రోజులు ఎందుకు దాచావని అడిగాడు. నా మీద కూడా చార్జిషీటు వస్తుందన్నాడు. రానివ్వండి సార్ అన్నాను.

ఫిట్ అని రాసి ఉంది, నీ మాట మీద ఎట్ల తీసేస్తా అన్నాడు. సోమవారం నీ ముందే చదివిద్దామన్నాడు. నా ముందు వద్దు సార్ అన్నాను. వినలేదు.

కంటి చార్టు కింది వరుస, వెనక నుంచి చదివించమని చెప్పాను. చెప్పి బయటికొచ్చి, గేటు దగ్గర మెట్ల మీద కూర్చున్నాను. వరలక్ష్మి వదిన మొహం ఎలా చూస్తాను?

జనవరి 19, సోమవారం

ఒక్క అక్షరం రాలేదు.

మేనేజరు సారు గదిలో అన్న చార్టు వైపు రెండడుగులు వేసి ఆగాడు. తర్వాత తల తిప్పి, ఎవరూ లేని కిటికీ వైపు చూస్తూ, షారోనూ, నువ్వున్నవా ఈడ అని అడిగాడు.

నేను బీరువా పక్కనే ఉన్నాను. పది అడుగులు కూడా లేవు.

పలకలేదు.