గోడకు బిగించే బ్రష్షు

ఆదివారం రాత్రి, ప్రొద్దుటూరు

జమ్మలమడుగు నుంచి వచ్చి అన్నమైతే తిన్నాను గానీ, అక్క అన్న మాట ఇంకా గొంతు దిగలేదు.

చేతులు వణికి, బ్రష్షు నోట్లో నిలవక ఆమె చిగుళ్లు వాచిపోయాయి. ఇలాగే వదిలేస్తే పళ్లు ఊడతాయని డాక్టరు చెప్పాడు. కోడలు తోముతానంటే ఒప్పుకోదు. "నోట్లో ఇంగొకరు చెయ్యి పెట్టేంత గతి నాకింకా పట్టలేదు" అంటుంది. అందుకే బ్రష్షుకు చిన్న మోటారు బిగించి తీసుకుపోయాను. మిక్సీలు బాగుచేసేవాణ్ణి, దేనికైనా నాకు ముందు మోటారే తోస్తుంది. నోట్లో పెట్టుకోగానే అది ఎగిరి చిగురుకు తగిలి రక్తం వచ్చింది. అక్క ఉమ్మేసి, "నా చేతులు వణికేది చాలదేమిరా, దీనిగ్గూడా వణుకు పెట్టినావు?" అంది.

సాయంత్రం షాపు తెరిచి ముందు ఆ మోటారు పీకేశాను. బ్రష్షును బల్ల మీది వైసు దవడల మధ్య బిగించి, చేతులు వెనక్కి కట్టుకుని, నోరే అటూ ఇటూ తిప్పాను. చొక్కా అంతా నురగ. మా ఆవిడ చూసి, "ఏందయ్యా, గుంజకు మెడ రుద్దుకునే ఎద్దు మాదిరి!" అని ఒకటే నవ్వు. నవ్వనీ. పళ్లయితే శుభ్రమయ్యాయి. లోపలి వైపు అందలేదు, బ్రష్షు మెడ కొంచెం వంచాలి.

రేపెప్పుడైనా అక్కకు తల కూడా వణకడం మొదలైతే... అప్పుడు ఇంకోటి చేస్తాను.

పొద్దున్నే బస్సెక్కుతాను. స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె నోటి ఎత్తు చూసి బాత్రూం గోడకు బిగిస్తాను. తలుపు గడియ కూడా వణికే చేతికి పడేటట్టు మారుస్తాను. లోపల గడియ వేసుకుని ఆమె ఒక్కతే తోముకోవాలి. తలుపు తానే తీసేదాకా, ఎలా ఉందక్కా అని కూడా నేను అడగను.