పదిహేడో నంబరు ఇంటి పుంజు

సిల్వర్ హెరాన్ మెడోస్ నివాసుల సంఘం అధ్యక్షులు, గౌరవనీయులు బార్నబాస్ ముత్వీరి గారికీ, వారి కార్యవర్గానికీ, మాకు ఈ ఇల్లు కట్టి అమ్మిన మహానుభావులకీ, కింద రాయబోయే ప్రతి మాటకీ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మీ మనసు నొప్పించాలని నాకు ఏ కోశానా లేదు. ఒకవేళ నొప్పిస్తే, అది మీ గురించి ఉన్నదున్నట్టు రాయడం వల్ల జరిగిన ప్రమాదమే తప్ప మరొకటి కాదు.

ఇక విషయం. నేను, జకాయో ఒసేవే గారి పెద్ద కొడుకు టోబియాస్ ఒసేవేని, వయసు ఇరవై మూడు, నైరోబీలో న్యాయశాస్త్రం ఆఖరి సంవత్సరం విద్యార్థిని, కితెంగెలా అవతలి పైన చెప్పిన మెడోస్‌లో పదిహేడో నంబరు ఇంటి వెనక గదిలో కాపురం. బుర్ర నిలకడగా ఉండగా (కార్యవర్గం వారి అభిప్రాయం వేరు), ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా సొంత చేత్తో ఈ వీలునామా రాస్తున్నాను. నోటితో చెప్పి రాయించడానికి వీల్లేదు, పొద్దెక్కేసరికి గొంతు ఉండటం లేదు. రేపు పొద్దున్నే దానికి ఆపరేషను.

స్వరతంతువుల మీద కాయలు లేచాయట. డాక్టరమ్మ అద్దంలోంచి చూసి, "ఏం పని చేస్తావు బాబూ? పాస్టరువా? మటాటూ బస్సు కండక్టరువా?" అంది. లా చదువుతున్నానని కాగితం మీద రాసి చూపించాను. "ఓ, అరుపులే కదా," అని తల ఊపి, చిన్న ఆపరేషనే అంది. చిన్నదైతే అన్ని సంతకాలు ఎందుకు పెట్టించుకున్నట్టు? ఆ తర్వాత నెల్లాళ్లు నోరు మెదపకూడదట, ఇక ఈ జన్మలో అరవకూడదట. బతికితే ఈ కాగితం చింపేస్తాను. పోతే మాత్రం అక్షరం పొల్లుపోకుండా అమలు చెయ్యాలి. ఆ బాధ్యత మా చెల్లెలు అకోత్‌ది. దానికి నా మీద గౌరవం లేదు గానీ చేతిరాత చదవడం వచ్చు.

1. నా దేహం. మా సొంతూరు సియాయాలో మా తాత పక్కన పూడ్చాలి. మెడోస్‌లో వద్దు. ఇక్కడ గులాబీ మొక్క నాటడానికే సంఘం అనుమతి కావాలి, నన్ను నాటడానికి సర్వసభ్య సమావేశం పెడతారు. అందులో ముత్వీరి గారు మాట్లాడతారు. చచ్చాక కూడా అది వినే ఓపిక నాకు లేదు.

2. ఈ కాలనీ కట్టినవారికి, మా మెట్ల గోడ మీది పగులు. శాశ్వతంగా, సర్వహక్కులతో. మేం దిగినప్పుడు వెంట్రుకంత ఉండేది. నల్లరేగడి ఒక వాన తాగి ఒక ఎండ కాచేసరికి అందులో అకోత్ దువ్వెన దాచుకుంటోంది. ఫోన్ చేస్తే, "కొత్త ఇల్లు కదమ్మా, ఊపిరి పీల్చుకుంటోంది," అన్నారు. అమ్మ పిచ్చిది కాదు. "ఊపిరి పీల్చుకోనీ నాయనా, దగ్గడం మొదలుపెట్టకముందే రా," అంది. రాలేదు.

అమ్మకానికి పెట్టినప్పుడు రంగుల పుస్తకం ఒకటి ఇచ్చారు. అందులో పచ్చిక, చెరువు, చెరువులో ఒంటికాలి మీద వెండికొంగ, గట్టు మీద గాలిపటాలు ఎగరేస్తున్న పిల్లలు. పచ్చిక రాలేదు. చెరువు ఇంకా రావలసి ఉంది. కొంగ మాత్రం వచ్చింది, చెత్తకుప్ప మీది మారబూ కొంగ, బట్టతల వేసుకుని, సంఘం కోశాధికారిలాగే నిలబడుతుంది. నమూనా ఇంట్లో మంచాలు పొట్టివి చేయించి వేశారని గది విశాలంగా కనిపించింది. మా నాన్న మంచం వేశాక తలుపు సగమే తెరుచుకుంటుంది. బోరునీళ్లతో టీ కాస్తే ఉప్పు వెయ్యకుండానే చారు. తాగడానికి వారం వారం కిమానీ లారీ నీళ్లే గతి.

3. నా వెనక గది. ఎదిగిన కొడుకు తల్లిదండ్రులు పడుకునే కప్పు కింద పడుకోకూడదు, వాడికి వేరే గుడిసె ఉండాలి. అది మా లువో తెగ పద్ధతి, ఆ గుడిసెని సింబా అంటాం. మెడోస్‌లో సింబా దొరికేది ఒక్కచోటే, పెరట్లో పనిమనిషి కోసం కట్టిన గది. సంఘం నియమం ప్రకారం అందులో పనివాళ్లే ఉండాలి. అందుకని న్యాయశాస్త్రం ఆఖరి సంవత్సరం విద్యార్థి టోబియాస్ ఒసేవే, సంఘం రికార్డుల్లో పదిహేడో నంబరు ఇంటి పనిమనిషి. నాకు ఆదివారం సెలవు కూడా ఉంది. ఈ గదినీ, ఉద్యోగాన్నీ అకోత్‌కి రాసిస్తున్నాను. ఆడపిల్లకి సింబా ఏమిట్రా అని పెదనాన్న గంతులేస్తాడు. వెయ్యనీ. దానికి పరీక్షలున్నాయి, చదువుకోవడానికి తలుపున్న గది కావాలి.

4. పద్దెనిమిదో నంబరు మామా నెకేసా గారికి, నా ఎర్ర టీ కెటిల్. దీని వెనక కథ ఉంది, దాన్ని అందరూ మరచిపోవాలని నాన్న కోరుకుంటాడు గనక ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఇల్లు కొన్నది అమ్మ. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి, మహిళా సంఘంలో దాచి దాచి కొంది. నాన్న మాతో రాలేదు. ఉమోజాలో మా పాత అద్దెగదిలోనే రేడియో పెట్టుకుని ఉండిపోయాడు. "అది ఇల్లు కాదు రొసెలిన్, బిస్కట్ల డబ్బా. అందులో బిస్కట్టులా పడుకోమంటావా నన్ను?" అన్నాడు. ఆదివారం ఆదివారం మాత్రం చుట్టంలా వచ్చేవాడు. ఒక ఆదివారం వచ్చాడు, తలుపు తీసి ఉంటే లోపలికొచ్చాడు, సోఫాలో కూలబడి బూట్లు విప్పి టీ అన్నాడు. టీ వచ్చింది. మొక్కజొన్న ముద్ద ఉగాలీ, ఒమేనా చేపలు వచ్చాయి. అన్నీ తిని, గోడకేసి చూసి, "రొసెలిన్, ఎవరిదే ఈ పెళ్లిఫోటో?" అన్నాడట. మామా నెకేసా వంటింట్లోంచి, "మాదే అన్నయ్యా. ఇంకో చేప వెయ్యనా?" అందట. మెడోస్‌లో నూటికి నూరు ఇళ్లూ ఒకే అచ్చు గుద్దినట్టుంటాయి గనక నేరం నాన్నది కాదు. కానీ ఆ రోజు నుంచి ఆదివారాలు కూడా మానేశాడు.

అమ్మ ఒక్కటే మాట అంది. "నేను ఇరవయ్యేళ్లు అద్దింటి మెట్లెక్కాను. నా మెట్లు నేనెక్కితే పైన నా మనిషి ఉండొద్దా?" ఆ మాట అనేటప్పుడు కుట్టుమిషను ఆపలేదు. అందుకే అది ఏడుపని ఎవరికీ తెలియలేదు, నాకు తప్ప.

5. పెదనాన్న ఒబియేరోకి, ఆయన గొడ్డలి ఆయనకే. అమ్మ ఫోను చేస్తే రాత్రి బస్సెక్కి సియాయా నుంచి దిగాడు, ఒక చంకలో గొడ్డలి, ఇంకో చంకలో దుప్పట్లో చుట్టిన పుంజు. కొత్త గడపలో మగవాడు కాపురం పెట్టాలంటే పుంజు, గొడ్డలి, నిప్పు ముందు నడవాలి. పుంజు కూయని చోటు ఇల్లు కావచ్చు గానీ, 'దాలా' కాదు. మా మనుషులకి దాలా అంటే అదే అసలు గడప, మిగతావన్నీ బస. ఉమోజా వెళ్లి నాన్నని పట్టుకొచ్చి, "ఒరేయ్ జకాయో, నీ పెళ్లాం గోడలు కొనుక్కుంది. దాన్ని దాలా చెయ్యాల్సింది నువ్వురా, సోంబేరీ," అన్నాడు.

అయితే సంఘం నియమావళిలో పెంపుడు జీవాలంటే కుక్క, పిల్లి, అలంకారపు చేప. ముత్వీరి గారి తెల్లకుక్క రాత్రంతా ఏడ్చినా అది సంస్కారం, కోడి కూస్తే అది అనాగరికం. గేటు దగ్గర కాపలా ముస్యోకా దుప్పటి మడత తీసి చూశాడు. పుంజు ఆయన్ని చూసింది. "బాబుది తాత ముక్కేనండీ," అని మడత వేసి, సందర్శకుల్లో ఒక చంటిబిడ్డ అని రాసుకున్నాడు. పెదనాన్న ముందు, పుంజుతో నాన్న, గొడ్డలితో నేను, బొగ్గుల కుంపటితో అమ్మ, వరసగా మా వీధిలో, అంటే లావెండర్ కోర్టులో, నడిచాం. కిటికీల్లోంచి జనం వీడియోలు తీశారు. తియ్యనీ. ఆ వీధిలో అంత నిజమైన పని అంతకుముందు జరగలేదు.

నాన్న ఆ రాత్రి ఇక్కడే పడుకున్నాడు. షరతు పెట్టి మరీ పడుకున్నాడు. "పుంజు కూసినన్ని పొద్దులూ ఉంటాను. కూత ఆగిన రోజు రేడియో చంకన పెట్టుకుని పోతాను." ఉమోజా గది తాళంచెవి నడుముకి అలాగే ఉంచుకున్నాడు.

6. ముత్వీరి గారికి, నా దగ్గరున్న వారి నియమావళి ప్రతి, నేను ఎర్రసిరాతో దిద్దినది. పుంజు వచ్చిన నాలుగో రోజునే వారు మా ఇల్లు సోదా చేశారు. మంచాల కింద, టాంకులో, చివరికి అమ్మ కుట్టుమిషను సొరుగులో కూడా వెతికారు. ఒక ఈక దొరికింది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు వేశారు. మర్నాడు తెల్లవారుతూనే మళ్లీ కూత. అప్పట్నుంచి ఐదు నెలలుగా వారు వలలు పెట్టారు, మొక్కజొన్నలు చల్లారు, ప్రహరీ మీద కెమెరా బిగించారు. మొక్కజొన్నలు మారబూ కొంగ తింది, కెమెరాలో ఆయన కుక్కే పడింది, అదీ చూడకూడని పని చేస్తూ. ఇంత పెద్దమనిషి ఇంత చిన్న పనికి ఇంత శ్రమపడటం నేను చరిత్రలో చదవలేదు. గోడ పగుళ్ల మీద ఇందులో పదోవంతు శ్రద్ధ పెట్టి ఉంటే మేమంతా ఆయనకి విగ్రహం నిలబెట్టేవాళ్లం, అదీ పగిలేది.

7. అమ్మకి, నా దగ్గర ఇవ్వదగ్గది ఏమీ లేదు. నా పట్టా వస్తే ఆమెకే, గోడ పగులు మీద తగిలించుకోవచ్చు. పచ్చిక వెయ్యాల్సిన చోట ఆమె వేసిన సుకుమా ఆకుకూర మళ్లని ఎవరు పీకమన్నా పీకొద్దని నా ఆఖరి ఆజ్ఞ.

నాన్నకి, నా గదిలోని నీలం బకెట్టు. అందులో నీళ్లు పట్టొద్దు, బట్టలు నానెయ్యొద్దు, పొడిగా ఉంచాలి.

ఇంకో మాట. కిందటి నెల స్కానింగు కోసం నన్ను ఒక రాత్రి నైరోబీ ఆస్పత్రిలోనే ఉంచేశారు. తెల్లారేదాకా నాకు కునుకు లేదు, ఇంటి సంగతే ఆలోచన. మధ్యాహ్నం పరుగు పరుగున ఇల్లు చేరాను. రేడియో సోఫా మీదే ఉంది. ఆ పొద్దున పుంజు మామూలుగానే కూసిందట, కాస్త బొంగురుగా. అమ్మ చెప్పింది, అప్పుడు నాన్న వంటింట్లో ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాడు, దుమ్ము పడిందన్నాడు. ఆ వారమే ఆయన నడుముకి ఉమోజా తాళంచెవి కనిపించలేదు. అకోత్ అడిగితే, "బరువుగా ఉందే, ఇచ్చేశాను," అన్నాడు.

8. చివరిది. కార్యవర్గం నా మీద చాలా మోపింది. ఎండిపోయిన ఈతమొక్కలకి శిలువలు పాతి సంతాప ప్రకటన అంటించింది నేను కాదు, ఆ ప్రకటన భాష మాత్రం బాగుంది. ఫౌంటెనులో తిలాపియా చేపని వదిలింది నేను కాదు, వదిలినవాళ్లు దానికి నీళ్లు కూడా తెచ్చి ఉంటే బాగుండేది. తెల్లకుక్క మెడలో 'అధ్యక్షుడు' అని బోర్డు కట్టింది నేను కాదు, కుక్కని అంత అవమానించే మనసు నాకు లేదు. సాక్షికి ఆస్తి రాయకూడదని చట్టం గనక ముస్యోకాకి ఇందులో ఏమీ రాయలేదు, ఆయనకి ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చేశాను.

నేను చేసింది ఒక్కటే. సోదా జరిగిన పొద్దున, వాళ్లు మా గుమ్మం తొక్కకముందే, పుంజుని గోడ మీంచి ముస్యోకా చేతికి అందించాను. అదిప్పుడు మచాకోస్‌లో వాళ్లమ్మ పెరట్లో పెట్టల మధ్య సుఖంగా ఉంది. ఆ మర్నాటి నుంచి, దుప్పటి ముసుగేసుకుని, నీలం బకెట్టులో తల పెట్టి, ప్రతి పొద్దునా ఈ గడపలో కూసిన పుంజుని నేనే.

ఆ ఒక్క పొద్దున తప్ప.

ఆగస్టు పద్నాలుగో తేదీ, సిల్వర్ హెరాన్ మెడోస్, ఉప్పు టీ తాగే వేళ.

(సంతకం) టోబియాస్ ఒసేవే, పెద్ద కొడుకు, పనిమనిషి.

సాక్షులు:
ముస్యోకా, గేటు కాపలా. చదివాను, నవ్వలేదు.
కిమానీ, నీళ్ల లారీ డ్రైవరు. చదవలేదు, ముస్యోకా నవ్వడం చూశాను.