ముడి వేసే చేతులు

కరీంనగర్, శుక్రవారం

అవ్వా,

నాకు ఒంట్లో బాగానే ఉంది, ఫికర్ చేయకు. కానీ పర్శరాములు కాకను బట్ట నేసే సాంచాల షెడ్డులో పని నుంచి తీసేశారని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

మా ఆఫీసులో షెడ్ల కెమెరా వీడియోలు చూసి, మనిషి పనిలో ఉంటే ‘పని’ అని, లేకుంటే ‘ఖాళీ’ అని నొక్కాలి. దాన్ని చూసి కంప్యూటర్ నేర్చుకుని, ఎవరు ఖాళీగా ఉన్నారో సేట్లకు చెబుతుంది. వీడియోల్లో ముఖాలు మసకగా ఉంటాయి. అయినా ఒకరోజు, వేళ్లు నాలుకతో తడి చేసుకుని తెగిన పోగు ముడి వేస్తున్న ఆ చేతులు కాకవేనని పోల్చుకున్నాను. చిన్నప్పుడు నాకు ముడి నేర్పిన చేతులవి.

“గిది ఖాళీ కాదక్కా, పోగు అతుకుతుండు” అన్నాను.

మా సూపర్‌వైజర్ రోజారాణి “సాంచ ఆగిందా లేదా, గంతే చూడు. ఎందుకాగిందో మనకెందుకు?” అంది.

‘ఖాళీ’ అని నొక్కాను. ఆ రోజంతా అలాగే నొక్కాను.

ఇప్పుడు ముడి కనిపిస్తే ‘పని’ అనే నొక్కుతున్నాను. తప్పులు పెరిగాయని మెమో ఇచ్చారు. కంప్యూటర్ మాత్రం ముందు నేర్చుకున్నది మరిచిపోలేదట.

బాపుకు దగ్గు తగ్గిందా? నా నీలం దుప్పటి ఆయనకే కప్పు.

ఫోన్లో చెబితే నువ్వు కడుపులో దాచుకుంటావని కార్డు రాస్తున్నాను. దీన్ని కాకకు చదివి వినిపించు. కింద నా పేరు కూడా చదువు.

నీ బిడ్డ
భవ్యశ్రీ