ఒడ్డు చేరినవాడే చెప్పాలి

భావనపాడు,
జూన్ 2004

ఒలే ఇవాంజెలినూ,

నీ భాను రాస్తోంది. కాశీబుగ్గ బడిలో పిల్లలకి ఇంగ్లీషు చెప్పి చెప్పి నన్ను మరిచిపోయావేమో గాని, పూండి హైస్కూల్లో నీ పక్కన కూర్చుని నీ కాపీ చూసి పరీక్షలు గట్టెక్కినదాన్ని, నేను మరవలేదు. ఇప్పుడు నీతో పనిపడింది.

టెక్కలి ఆఫీసు నుంచి ఒక ఉద్యోగం పడింది. మా తీరానికి స్నానాలకొచ్చే జనాన్ని కెరటాలు లాక్కుపోకుండా కాపలా కాయాలి. నెలనెలా జీతం. ‘రెస్క్యూ అనుభవం ఉన్నవారికే’ అని పంచాయతీ గోడకి కాగితం అంటించారు. రెస్క్యూ అంటే ఏమిటో, ఎక్కడ ఎలా వాడాలో కాస్త విడమరిచి రాయి. ఈ ఉద్యోగం రాకపోతే మా ధనరాజు మావ మళ్ళీ వేరావల్ బోట్ల మీదకి పోతాడు. పోతే మళ్ళీ వేసవిదాకా మొగుడి మొహం చూడను. గుజరాత్‌లో అతనూ, ఇక్కడ నేనూ, ఇదేం సంసారమే!

పోయినేడు తెప్ప తిరగబడినప్పుడు మా వీధి పోలారావుని జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చింది మా మావే. ఎవరడిగినా, "నానేటి సేసేను? గంగమ్మతల్లి ఒగ్గేసింది" అంటాడు. ఇప్పుడు ఆ పోలారావు కూడా ఇదే ఉద్యోగానికి అర్జీ పెట్టాడు. నా కడుపు మండిపోతోంది. తొందరగా జవాబు రాయి.

నీ భాను


కాశీబుగ్గ

ప్రియమైన భానూ,

నీ ఉత్తరం చూసి ముందు నవ్వాను, తర్వాత బెంగపడ్డాను. రెస్క్యూ అంటే ఆపదలో చిక్కుకున్న మనిషిని అందులోంచి బయటికి తీసుకురావడం. ఆకలేసినవాడికి అన్నం పెట్టడం సాయం. మునిగిపోయేవాణ్ణి తీయడం రెస్క్యూ. ఈ మాట వాడినప్పుడు ఎవరు తీశారు, ఎవరిని, దేనిలోంచి అన్నది తేలాలి. "ఐ రెస్క్యూడ్ పోలారావు ఫ్రం ద సీ" అని అన్నయ్య చేత రోజూ అనిపించు. చేసిన మంచి చెప్పుకోవడం తప్పు కాదని చెప్పు. ఆదివారం మా చర్చిలో మీకోసం ప్రార్థన చేయిస్తాను.

నీ ఇవాంజెలిన్


భావనపాడు,
జూలై

ఇవాంజెలినూ,

నీ మాట బాగానే ఉంది, మా మావే బాగులేడు! పొద్దున్న వల బాగుచేసుకుంటూ "ఐ రెస్క్యూడ్" దాకా వస్తాడు. పోలారావు పేరు దగ్గరకొచ్చేసరికి గొంతులో ముల్లు పడ్డట్టు ఆగిపోతాడు. "అలాగనకూడదే, తల్లి సేతిలోంచి లాక్కున్నట్టు అవుతాది" అంటాడు. నేను అరుస్తాను. వలలోకి తల దించేసుకుంటాడు. ఈ మనిషితో ఎలా వేగను?

మీ ఇళ్ళలో లేదు గాని, మాకొక ఆచారం ఉంది. సముద్రంలోంచి మనిషిని తీసినవాడు ఆ సంగతి తన నోట అనకూడదు. ఒడ్డు చేరినవాడే పదిమందిలో "నన్ను ఫలానావాడు తీశాడు" అని చెప్పాలి. ఆ తర్వాత తనకు పడిన మొదటి చేప వాళ్ళ గుమ్మంలో పెట్టాలి. పోలారావు నుంచి మాటా లేదు, చేపా లేదు. ఉండబట్టలేక వాళ్ళింటికే వెళ్ళి, "ఏటి బావా, నోటి మాటకి కూడా కరువేనా?" అని అడిగేశాను. "ఒకడు తీత్తే ఒడ్డెక్కినోడికి ఉద్యోగం ఎవులిత్తారు పిల్లా? నానే ఈదుకొచ్చేను" అన్నాడు.

చెప్పాల్సినవాడు చెప్పకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసే. నా కోపమంతా పోలారావు మీదే అనుకోకు. ఇంతకంటే నేను రాయకూడదు.

నీ భాను


భావనపాడు,
ఆగస్టు

నా ఇవాంజెలినూ,

అయిపోయింది. ఉద్యోగం పోలారావుకొచ్చింది. వాడు ఆచారం గీచారం గాలికొదిలేసి, "ఇద్దర్ని తీసేను బాబూ" అని టెక్కలిలో ఆఫీసర్ల ముందు అబద్ధం ఆడేశాడు.

తర్వాత మా మావని పిలిచారు. నేను వరండా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. "ఎవరినైనా కాపాడావా?" అని అడిగారు. "ఐ రెస్క్యూడ్" అన్నాడు. ఆగాడు. కిటికీలోంచి నన్ను చూశాడు.

"బాబూ, నాను తీసిన మాట నాను సెప్పకూడదు. నన్ను తీసినోల్ల మాట సెప్పాల. ఇన్నాళ్ళూ సెప్పనేదు. తొంభైతొమ్మిది తుపానుకి ఊరంతా బడిలో దాక్కుంటే, తెప్ప పోద్దని నానొక్కడినే ఒడ్డుకెల్లాను. కెరటం ఈడ్సుకుపోయింది. సరుగుడు సెట్టుకి తాడు కట్టి, పీకల్లోతు దిగి నన్ను తీసింది ఇదిగో, ఆ కిటికీ కాడున్న నా ఆడదే. ఆడది తీసిందంటే నవ్వుతారని నోరు మూసుకున్నాను. రెస్క్యూ అంటే ఇది సేసిందే బాబూ."

ఆఫీసర్లు పగలబడి నవ్వారు. "నిన్నెవరు కాపాడారని కాదయ్యా మేం అడిగింది" అని పంపేశారు.

ఒలమ్మా! తుపాను నాటి నుంచి కుట్టేసుకున్న నోరు అక్కడే, అప్పుడే విప్పాలా? టెక్కలి నుంచి బస్సులో దారి పొడుగునా తిట్టాను. తిడుతూ ఏడ్చాను. "తిట్టే, తిట్టు" అన్నాడు. ఇవాంజెలినూ, చిన్నప్పటి నుంచీ నీకు చెప్పని మాట లేదు, ఇదొక్కటే చెప్పలేదు. తీసినదాన్ని నేనే కదా, నా నోట రాకూడదు. కానీ ప్రతి తుపానుకీ, వీధిలో ఎవరి ప్రాణం ఎవరు కాపాడారో కథలు చెప్పుకుంటుంటే, ఇవాళైనా అంటాడేమోనని మావ నోరే చూసేదాన్ని. ఎంత ఉక్రోషం మింగానో ఆ గంగమ్మకే తెలుసు.

మర్నాడు మావ పొరుగింటి దానయ్య తెప్ప మీద వేటకెళ్ళి, తనకు పడిన మొదటి చేప, మంచి కోనం, తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. సొంత గుమ్మంలో చేప పెట్టిన మొగుణ్ణి ఇప్పుడే చూశామని వీధంతా నవ్వింది. పులుసు పెట్టాను.

నిన్న మావని పలాసలో వేరావల్ పోయే రైలెక్కించాను. ఇదంతా సరే, వేసవిదాకా నేనెవరితో పోట్లాడాలి చెప్పు? కిటికీ పక్క సీటు దొరికింది. ముక్కూ ముఖం తెలియని ఎవరికో నన్ను చూపించి, "నన్ను సముద్రంలోంచి తీసింది ఇదే" అని చెప్తున్నాడు. రైలు కదిలినా చెప్తూనే ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద అందరూ నావైపు చూశారు. సిగ్గుతో చచ్చాను. ఇంకాస్త గట్టిగా చెప్తే బాగుణ్ణనిపించింది.

కోనం చేప అందుకున్న
నీ భాను