పటం మధ్యలో పెద్ద చుక్క

వదినా,

ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

కుట్టుపని గురించి రాసిపెట్టుకున్న చీటీలన్నీ, నువ్వు పోరగా పోరగా, కంప్యూటర్లోకి ఎక్కించాను. నువ్వు చెప్పినట్టే ఒక్కో విషయాన్నీ దానికి సంబంధించిన ఇంకో విషయంతో లింకు పెట్టి ముడేశాను. నిన్న ఒక బటన్ నొక్కితే అన్నీ కలిపి పటంలా కనిపించాయి. విషయానికో చుక్క, లింకుకో గీత; ఎన్ని గీతలు చేరితే చుక్క అంత పెద్దది. మధ్యలో గుమ్మడికాయంత చుక్క ఒకటుంది. కుట్టుమిషనే అనుకుని నొక్కాను. తెరుచుకున్నది నీ పేజీ.

జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దమన్నది నువ్వు. చిరుగు కనపడకుండా రఫూ చేయడం నీ దగ్గరే నేర్చుకున్నాను. 'వదిన మళ్ళీ నా కత్తెర పట్టుకుపోయింది' అని కూడా ఉందనుకో, అదీ నీ ఖాతాలోకే చేరింది. అన్నయ్యకి చూపిస్తే, తన చుక్క ఆవగింజంతే ఉందని మూతి ముడుచుకున్నాడు.

ఫ్యాక్టరీ ఉద్యోగానికి నువ్వు సోమవారంలోగా మాట ఇవ్వాలని తనే చెప్పాడు. ఇవ్వకు. వీధి మలుపులో ఉన్న గది అద్దెకు మాట్లాడేశాను. నా మిషను పక్కన నీ మిషనుకీ చోటుంది. మన మధ్య పచ్చగడ్డి వేసినా భగ్గుమంటుందని నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. బోర్డు కూడా రాయించేశాను: 'వదినా ఆడపడుచుల కుట్టు కొట్టు'.

పేరు నచ్చకపోతే వచ్చి పోట్లాడు. వచ్చేటప్పుడు నా కత్తెర తీసుకురా.

నీ ఆడపడుచు