రాగిముద్ద మానేసిన రోజులు

అక్కా,

నీ కడుపులో కనిపించినట్టే నా కడుపులోనూ ఒక గడ్డ కనిపించింది. బెంగళూరులో నీకు చేసినట్టే నోట్లోంచి గొట్టం వేసి, పైన కోత లేకుండా తీసేశారు.

మలం నల్లగా వస్తే గడ్డ తీసిన చోటి పుండు నుంచి రక్తం కారుతున్నట్టని డాక్టరు చెప్పి పంపారు. చింతామణిలో ఇంటికి రాగానే రాగిముద్ద మానేశాను. నలుపు కనిపిస్తే దానికి ఇంకో కారణం ఉండకూడదనుకున్నాను.

గడ్డ తీయించుకుని మీ ఊరికి వెళ్ళాక నువ్వు మిట్టేమరి నుంచి ఫోన్ చేసిన రోజు మాటలన్నీ గుర్తున్నాయి.

"నల్లగా పోతాండాది పాపా," అన్నావు.

"రెండు పూట్లా ముద్ద తింటే ఇంకెట్ల పోతాదిలే అక్కా," అని నవ్వాను. నువ్వూ నవ్వావు. మరుసటి రోజు సాయంత్రానికి నువ్వు లేవు.

ఇంటికొచ్చినప్పటి నుంచి మరుగుదొడ్డి తలుపు వేసుకున్న ప్రతిసారీ నీ నవ్వు వినిపించేది. ఆరో రోజు పొద్దున నాకూ తారులా నల్లగా కనిపించింది.

"మాత్రలకు అయ్యుంటాదిలే, దీనికే బెంగళూరికి పరిగెత్తాల్నా?" అన్నారు మీ మరిది.

"కారు తీయండి," అన్నాను.

మళ్ళీ గొట్టం వేసి, రక్తం కారే చోట చిన్న క్లిప్పు పెట్టారు. ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేదని చెప్పి, "నొప్పి కూడా లేదు కదమ్మా, అంత తొందరగా ఎట్ల వచ్చారు?" అని డాక్టరు అడిగారు.

మా అక్క ఫోన్ చేసి చెప్పిందన్నాను.