ఎర్ర కొంగల దీవి దగ్గర అరగంట మౌనం

జనవరి 12, సోమవారం. ఉదయం 6:10

ఈ నోటుపుస్తకం దులారీ కొనిచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో నేను అడగకుండా మా ఆవిడ నాకిచ్చిన మొదటి వస్తువు. "లోపల ఆగిపోయిన మాటలన్నీ ఇందులో రాసుకో. తెచ్చి నా చెవిలో పొయ్యకు" అంది.

సంగతేమిటంటే, ఈ రోజు నుంచి నేను మాట్లాడను!

రోజంతా కాదు. సాయంత్రం అరగంట.

నేను లఖన్ సీబాలక్. సముద్రం మధ్య మా చిన్న దేశంలో, కరోనీ మడ అడవిలో ఇరవై ఆరేళ్ళుగా యాత్రికుల పడవ నడుపుతున్నాను. నాలుగింటికి రేవులో బయల్దేరి, కాలవల్లో తిప్పి, పాముల్నీ మొసళ్ళనీ చూపించి, పొద్దుగూకే వేళకి దీవి ఎదురుగా పడవ కట్టేస్తాను. ఎర్ర ఐబిస్ కొంగలు గుంపులుగా వచ్చి మడ చెట్ల మీద వాలతాయి. చెట్లకి నిప్పంటుకున్నట్టు ఉంటుంది. అంతసేపూ నేను మాట్లాడుతూనే ఉంటాను. ఊళ్ళో నా పేరు రేడియో.

నిన్న మిస్ ఈనిడ్ తేల్చేసింది. మూడో తరగతిలో నన్ను బల్ల మీద నిలబెట్టిన టీచరే. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. రోజూ నా పడవ ముందు బల్ల మీద కూర్చుని, చేతిలో ఇమిడే లెక్క యంత్రం మీట నొక్కుతూ పక్షుల్ని లెక్కపెడుతుంది. అటవీ శాఖకి ఆ లెక్క పంపుతుంది.

"లఖన్, మన వైపు కొమ్మలు ఖాళీ అయిపోతున్నాయి. నిరుడు నాలుగొందలు వాలేవి. నిన్న అరవై. మిగతావన్నీ దీవి వెనక్కి జరిగిపోయాయి. ఎందుకో తెలుసా?"

"గాలి మారిందా మిస్?"

"కాదు. నువ్వు."

ఆ అరవై కూడా వెళ్ళిపోతే ఈ కాలవలోకి పడవలు రానివ్వొద్దని ఆవిడే ఉత్తరం రాస్తుందట. రాస్తుంది. మిస్ ఈనిడ్ అన్న మాట తప్పదు.

నా నియమాలు, ముప్ఫై సాయంత్రాలు:
1. ఆఖరి మలుపులో ఇంజన్ ఆపెయ్యాలి. గెడతో తొయ్యాలి.
2. దీవి దగ్గర అరగంట నోరు విప్పకూడదు.
3. పడవలో పాటలు లేవు. రమ్ ఉంది. సీసా గలగలమనకూడదు.
4. గుసగుస కూడా మాటే. (ఇది మిస్ ఈనిడ్ తన చేత్తో రాసింది.)

సాయంత్రం 6:50

గెలిచాను! అరగంట! సరే, ఇరవై ఎనిమిది నిమిషాలు. పదకొండు మంది ఎక్కారు. ఒకావిడ నాకు జ్వరమేమోనని నుదురు తాకి చూసింది. మన వైపు పక్షులు: 64. ఇంత తేలికని తెలిస్తే పెళ్ళైన కొత్తలోనే మానేసేవాణ్ణి.

జనవరి 13, మంగళవారం

అద్భుతమైన ఆలోచన! అట్టముక్కల మీద రాసి చూపిస్తే? పది అట్టలు తయారు చేశాను. "అది పాము. కదలదు. మీరూ కదలకండి." "ఎర్ర రంగు వాటి తిండిలో పీతల వల్ల." "నా పేరు లఖన్, నా గురించి తర్వాత చెబుతాను."

మిస్ ఈనిడ్ ఎర్ర పెన్ను తీసి నాలుగు అట్టల్లో అక్షర దోషాలు దిద్దింది. పదికి ఆరు వేసింది. జనం చప్పట్లు కొట్టబోతే కళ్ళతోనే ఆపింది.

పక్షులు: 70.

జనవరి 15, గురువారం

91!!

సంతోషం పట్టలేక రేవులో అందరికీ చెప్పాను. శనగల కూర పెట్టిన డబుల్స్ రొట్టెలు అమ్మే బండి దగ్గర చెప్పాను. నా ముందున్న వాడి చేతిలో శనగల కూర చల్లారిపోయింది పాపం. కుక్కకి చెప్పాను. ఇంటికొచ్చి దులారీకి చెప్పాను.

"ఏవయ్యా, పక్షులకి తగ్గించిన మాటలన్నీ నా నెత్తిన పోస్తున్నావే! ఆ కొంగలతో పాటు నన్నూ కూర్చోబెట్టు ఆ కొమ్మ మీద!" అంది.

జనవరి 17, శనివారం

చగువానస్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. గిన్నెడు బాతు కూర, దాల్పూరి, తాత, అమ్మమ్మ, అందరూ. తాత నా జోకుల కోసమే మూడోసారి వచ్చాడట. దీవి దగ్గర నా మొహంలోకి చూస్తూ ఎదురుచూశాడు. నేను అట్ట చూపించాను. కళ్ళజోడు తెచ్చుకోలేదన్నాడు.

"ఇదేం పడవయ్యా? శవాన్ని తీసుకెళ్తున్నట్టుంది" అన్నాడు.

కార్నివాల్ పండగ రోజులు. పక్క కాలవలో బంపర్ గాడి పడవ. అసలు పేరు కత్‌బర్ట్, స్పీకర్లు బంపర్ అంతుంటాయని ఆ పేరు. వెళ్తూ వెళ్తూ అరిచాడు: "ఏంరా రేడియో, బ్యాటరీ అయిపోయిందా?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మంచి జవాబు. మింగేశాను. ఇప్పటికీ అరగలేదు.

పక్షులు: 118.

జనవరి 19, సోమవారం

కూనిరాగం మాట కాదు. నియమాల్లో ఎక్కడా లేదు.

మిస్ ఈనిడ్ మీట నొక్కడం ఆపి నా వైపు తిరిగింది. ఇప్పుడు ఉంది. అయిదో నియమం.

జనవరి 21, బుధవారం

దగ్గు మాట కాదు. ఒక దగ్గు అంటే కొంగ. రెండు దగ్గులు అంటే మొసలి. రేవులోనే అందరికీ నేర్పాను. కాలవలో మూడు మొసళ్ళు కనిపించాయి.

పడవలో ఒక డాక్టరమ్మ ఉంది. దిగేటప్పుడు నా చేతిలో చీటీ పెట్టింది. రెండు రకాల మందు, ఛాతీకి ఎక్స్‌రే. దులారీ మందు తెచ్చింది. తాగించింది కూడా.

పక్షులు: 142. (దగ్గు వల్ల ఎగిరినవి: రెండే.)

జనవరి 23, శుక్రవారం

మాట్లాడాను. ఒప్పుకుంటున్నాను. కానీ తప్పు నాది కాదు. ఒకాయన ఫొటో కోసం లేచి నిలబడ్డాడు. పడవ ఒరిగింది. "కూర్చోండి" అన్నాను. కూర్చోమన్నాక ఎందుకో చెప్పాలి కదా. ఎందుకో చెప్పాలంటే పోయినేడు నీళ్ళలో పడ్డ బ్యాంకు మేనేజరు సంగతి చెప్పాలి. అది చెప్పాక ఆయన టోపీ ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

నాలుగు నిమిషాలు. నెమ్మదిగానే చెప్పాను.

పక్షులు: 139. మూడేగా తగ్గింది. మూడు ఎప్పుడైనా తగ్గుతాయి.

జనవరి 25, ఆదివారం. సాయంత్రం 7:20

రాయబుద్ధి కావడం లేదు. రాస్తాను.

ఒక తెల్లటోపీ పెద్దమనిషి ఎక్కాడు. కొత్తగా కుదిరిన వియ్యాలవారికి మన మడ అడవి చూపిస్తున్నాడు. దీవి దగ్గర పక్షులు వాలడం మొదలైంది. వందల కొద్దీ. ఇన్నాళ్ళలో ఎన్నడూ రానంత దగ్గరగా.

"ఇవి ఫ్లెమింగోలు" అన్నాడు.

తువ్వాలు కొరికాను.

"పుట్టుకతోనే ఎర్రగా ఉంటాయి."

(పిల్లలు బూడిద రంగులో ఉంటాయి! బూడిద రంగు!) తువ్వాలు గట్టిగా కొరికాను. మిస్ ఈనిడ్ నా మోకాలు మీద చెయ్యి వేసింది.

అప్పుడు వాడు వియ్యపురాలి వైపు వంగి, గర్వంగా అన్నాడు: "వీటి కూర ముందు కోడి ఏం పనికొస్తుందండీ! మా వాళ్ళింట్లో పండక్కి తెప్పిస్తారు. రెండు తిన్నా."

లేచాను. నా గొంతు నాకే తెలియలేదు.

"నువ్వు తిన్నావా? ఇది మన జాతీయ పక్షి! పాస్‌పోర్టు మీద బొమ్మేసుకుని తిరుగుతావు, ఇంటికొచ్చి మసాలా నూరతావా? రెక్కలు పీకేశాక పిడికెడు ఉండదయ్యా! ఆ పిడికెడు కోసం..."

ఇంకా చాలా అన్నాను. పదకొండు నిమిషాలని మిస్ ఈనిడ్ తర్వాత చెప్పింది. వాడు తల వంచుకున్నాడు. వియ్యపురాలు జరిగి దూరంగా కూర్చుంది. నాకు గెలిచినట్టే ఉంది.

తల తిప్పి చూశాను. కొమ్మల మీద ఒక్కటి లేదు. రెండొందల పక్షులు ఒక్కసారి లేచి ఆకాశమంతా ఎర్రగా పరుచుకుని, దీవి అవతలికి వెళ్ళిపోయాయి.

మిస్ ఈనిడ్ లెక్క యంత్రం తీసి సంచిలో పెట్టుకుంది. రేవులో దిగేటప్పుడు మాత్రం అంది: "నువ్వు చెప్పిందంతా నిజమే లఖన్. వాడు విన్నాడు. పక్షులూ విన్నాయి."

జనవరి 26, సోమవారం

0.

జనవరి 28, బుధవారం

0. మౌనంగా ఉన్నా 0. మరి మౌనం ఎవరి కోసం?

జనవరి 29, గురువారం

మానేశాను. ఈ రోజు మొదటి నుంచి చివరిదాకా మాట్లాడాను. బ్యాంకు మేనేజరు, టోపీ, మా మామగారి గాడిద, అన్నీ. ఖాళీ కొమ్మలు చూపించి, "పక్షులు కూడా కార్నివాల్‌కి వెళ్ళాయండీ" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. దిగేటప్పుడు చేతులు పట్టుకుని ఊపారు.

నాకు నవ్వు రాలేదు. అన్నం కూడా సయించలేదు. దులారీ ఎదురుగా కూర్చుని, "ఏదైనా మాట్లాడవయ్యా" అంది. దులారీ!

జనవరి 31, శనివారం. సాయంత్రం 7:00

శాన్ ఫెర్నాండో నుంచి చెవిటివాళ్ళ సంఘం వచ్చింది. పద్నాలుగు మంది. వాళ్ళని నడిపించే ఆవిడ పేరు వెర్లిన్, దర్జీ పని చేస్తుందట. కాగితం మీద రాసి చెప్పింది.

అంత మాటకారుల్ని నా జన్మలో చూడలేదు! రేవు దాటకముందే ఇరవై ఎనిమిది చేతులు. ఒకరి మాటకి ఒకరు అడ్డం. ఒకడు జోకు చెబుతుంటే పక్కవాడు చేతులు పట్టుకుని ఆపి, ముగింపు తను చెప్పేశాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వాగలేదు.

ఆఖరి మలుపులో అలవాటు కొద్దీ ఇంజన్ ఆపాను.

వెనక బల్ల మీద లావుపాటి పెద్దాయన పకపకా నవ్వాడు. ఎంత గట్టిగా నవ్వాడో ఆయనకి తెలియదు. నేను వెనక్కి తిరిగి పెదాల మీద వేలు పెట్టాను. నేను! ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి పడవలో ఒకరిని ఊరుకోమన్నాను. ఆయన నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. మిస్ ఈనిడ్ అటు తిరిగిపోయింది. భుజాలు ఊగుతున్నాయి.

అప్పుడు వచ్చాయి. మొదట అయిదు. తర్వాత పన్నెండు. మన వైపు కొమ్మల మీదే.

అంత ఎరుపు ఎక్కడిదని వెర్లిన్ చేత్తో అడిగింది. నా వేళ్ళు పీతలా నడిపించాను. ఇంకో చెయ్యి వంకర ముక్కులా చేసి పీతని మింగించాను. మింగిన చోటి నుంచి భుజం దాకా రంగు పాకించాను. పద్నాలుగు మందికీ అర్థమైంది! పిల్లలు బూడిద రంగని చెప్పడానికి వెనక పెద్దాయన నెరిసిన జుట్టు చూపించాను. ఆయనే అందరికన్నా ఎక్కువ మురిసిపోయాడు. చివరికి, తినకూడదని చెప్పాను. వెర్లిన్ గుండె మీద చెయ్యి వేసుకుంది.

చెప్పాల్సిందంతా చెప్పేశాను. నోరు విప్పలేదు.

కాకపోతే పడవ కట్టకుండానే గెడ వదిలేశాను. పడవ కొట్టుకుపోయి మడ వేళ్ళలో ఇరుక్కుంది. కొమ్మ మీది నుంచి ఒక పీత జారి మిస్ ఈనిడ్ ఒళ్ళో పడింది.

మిస్ ఈనిడ్ అరిచింది.

అలాంటిలాంటి అరుపు కాదు. పడవలో ఆ అరుపు విన్నది నేనొక్కణ్ణే. చాలా పక్షులు లేచాయి. కొన్ని పై కొమ్మకి ఎగిరి మళ్ళీ వాలాయి. నేను ఏమీ అనలేదు. ఆవిడ గౌను దులుపుకుని, కళ్ళు చిన్నవి చేసి లెక్కపెట్టింది.

"నలభై ఏడు" అంది. రేవులో దిగుతూ: "ఈ సంగతి నోటుపుస్తకంలో రాయకు."

ఫిబ్రవరి 1, ఆదివారం

మొదటి రోజు. మళ్ళీ ముప్ఫై సాయంత్రాలు. ఈసారి మిస్ ఈనిడ్ కూడా కింద సంతకం పెట్టింది.

పొద్దున శాన్ ఫెర్నాండో వెళ్ళాను. ప్రతి ఆదివారం వెర్లిన్ తన కుట్టు మిషను పక్కన కూర్చోబెట్టి చేతిభాష నేర్పుతానంది. ఇవాళ పదకొండు మాటలు వచ్చాయి. ఇంట్లో అన్నం తింటూ దులారీకి చూపించాను. పప్పు గోడ మీద పడింది. "నోరైతే చెవులు మూసుకునేదాన్ని. ఇప్పుడు కళ్ళు కూడా మూసుకోవాలా?" అంది.

సాయంత్రం కొత్త నియమం చేర్చాం: చేతులతో మాట్లాడాలంటే ముందు పడవ కట్టెయ్యాలి. సబబే. ఒప్పుకున్నాను.

రేపటి నుంచి. ఇవాళ ఎక్కినవాళ్ళకి అప్పటికే పాము సంగతి చేతులతో సగం చెప్పి ఉన్నాను.